ఎవరి చెవికి ఏ శ్రుతి

ఒంగోలు పక్కన కరవది అనగానే సంగీతం తెలిసినవాళ్లకు గుర్తొచ్చేది షేక్ చినమౌలానా సాహెబ్. 1924లో అక్కడ పుట్టారు. తొలి తాలీమ్ అబ్బా కాసిం సాహెబ్ దగ్గర, తర్వాత చిలకలూరిపేట ఆదం సాహెబ్ దగ్గర. తంజావూరు బాణీ మీద మోజుతో తమిళనాడు వెళ్లి, నాచ్చియార్‌కోయిల్ సోదరుల ముందు మళ్లీ షాగిర్దుగా కూర్చున్నారు. శ్రీరంగంలో స్థిరపడ్డారు. 1977లో పద్మశ్రీ, 1998లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ వారి సంగీత కళానిధి. 1999లో ఇంతెఖాల్ అయ్యారు. ఆయన షాగిర్దులైన షేక్ మహబూబ్ సుభానీ, కాలీషాబీ దంపతులకు 2020లో పద్మశ్రీ వచ్చింది.

ఈ ఖాందాన్ల గురించి రాసేవాళ్లంతా ఊపిరి గురించి, వేళ్ల గురించి రాస్తారు. ముస్లిం గుడిలో వాయించాడన్న తాజ్జుబ్ గురించి అయితే మరీ ఎక్కువ రాస్తారు. చెవి గురించి ఎవరూ రాయరు. సన్నాయి పట్టుకుని నిలబడిన మనిషికి ఆ క్షణంలో ఏం వినపడుతోంది? ఎవరి శబ్దం దగ్గరగా, ఎవరిది దూరంగా? రికార్డింగ్ స్టూడియో పుట్టినప్పటి నుంచి దాని అసలు లడాయి ఇదే. హెడ్‌ఫోన్‌లో ఎవరికి ఏ మిక్స్ ఇవ్వాలన్నది ఏదో కొత్త టెక్నికల్ మాట అనుకుంటాం. దాని తారీఖ్ మన గుంటూరు, ప్రకాశం ఊళ్ల ఊరేగింపుల్లోనే మొదలవుతుంది.

పాత మేళం ఎలా నిలబడేదో చూడండి. మధ్యలో పెద్ద సన్నాయి, భుజానికి భుజం ఆనించి రెండో సన్నాయి. వెనకగా ఒత్తు పట్టే మనిషి. ఒత్తు అంటే వేళ్లతో పనిలేని సన్నాయి, ఒకే స్వరాన్ని ఆపకుండా పట్టి ఉంచేది. బుగ్గల్లో గాలి నింపుకుని ముక్కుతో పీల్చుకుంటూ గంటలు గంటలు ఒకే స్వరం మీద నిలబడడం మామూలు హునర్ కాదు. కానీ ఆ మనిషికి పేరూ ఉండదు, సంభావనలో వాటా కూడా తక్కువే. డోలు ఒక పక్కకు, తాళం వేసేవాడు డోలుకి దగ్గరగా. ఈ వరసను ఎవరూ కాగితం మీద రాయలేదు. ఒత్తు చెవికి దగ్గరుండాలి గనక దగ్గర. డోలు చెవిని మింగేస్తుంది గనక ఎడం. వీధి మలుపు తిరిగి శబ్దం మారగానే వాళ్లూ అరడుగు అటో ఇటో జరిగేవాళ్లు. ఇవాళ ఇంజనీరు బటన్ తిప్పి చేసే పని వాళ్లు కాళ్లతో చేసేవాళ్లు.

వినిపించడానికి మనిషిని పెట్టడం మనకు కొత్త కాదు. మైకులు లేని జమానాలో పెద్ద మసీదుల్లో ఇమామ్ తక్బీర్ వెనక సఫ్‌లకు అందదు కదా. అందుకని మధ్యలో నిలబడిన ముకబ్బిర్ ఆ తక్బీర్‌ను మళ్లీ పలికేవాడు. అజాన్ ఇచ్చేటప్పుడు ముఅజ్జిన్ చెవుల్లో వేళ్లు పెట్టుకోవడం కూడా ఎంత పాత రివాజో మీకు తెలుసు. ఒకసారి ఇంట్లో చేసి చూడండి. బయటి శబ్దం మూతబడుతుంది, మన గొంతు మాత్రం దవడ ఎముక గుండా గట్టిగా లోపలికి వస్తుంది. ఖవ్వాలి పాడేవాళ్లు ఒక చెవి మీద అరచేయి కప్పుకునేదీ ఇందుకే. హెడ్‌ఫోన్ కనిపెట్టక ముందు గాయకుడి సొంత మానిటర్ అతని చెయ్యే.

ఇక మెషీన్ల మాట. 1902 నవంబరులో గ్రామఫోన్ కంపెనీ తరఫున ఫ్రెడ్ గైస్‌బర్గ్ కలకత్తా వచ్చి గౌహర్ జాన్ గొంతు రికార్డు చేశాడు. అప్పట్లో మైకు లేదు. ఒక పెద్ద కొమ్ము బూర, దాని చివర మైనం పళ్లెం మీద గీత గీసే సూది. పాడేవాళ్లు బూరలోకి ముఖం పెట్టి అరిచినంత పనిచేయాలి. సాజ్‌లు గట్టివైతే దూరంగా, మెత్తవైతే దగ్గరగా కూర్చోబెట్టేవాళ్లు. బూరలో తల పెట్టిన మనిషికి వెనక సారంగీ ఎంత వినపడుతుందో ఊహించుకోండి. బూర మనిషిని వింటుంది గాని మనిషికి ఏం వినపడుతోందో ఎవరూ అడగలేదు. 1925 నుంచి కరెంటు మైకులు వచ్చాక గొంతు చించుకోవడం తప్పింది. కానీ కూర్చోవడం మాత్రం మెహఫిల్ పద్ధతే. విజయవాడ రేడియో స్టేషన్ 1948 డిసెంబరు 1న మొదలైంది. రేడియో స్టూడియో అంటే ఒకే గది, తివాచీ, పక్కపక్కనే మనుషులు. అద్దం అవతల కూర్చున్నవాళ్లు మైకును జానెడు ముందుకో వెనక్కో జరిపి తూకం కుదిర్చేవాళ్లు. వాయించేవాళ్లకు ఏ బందోబస్తూ అక్కర్లేకపోయింది. ఎందుకంటే గాలి ఒకటే, అందరూ అందులోనే ఉన్నారు.

మద్రాసు సినిమా స్టూడియోల్లోనూ చాలా ఏళ్లు ఇదే వరస. వాద్య బృందమంతా హాల్లో, గాయకులు దగ్గర్లో, ఎవరో ఒకరు తప్పితే మొదటి నుంచి అందరూ మళ్లీ. మన రేపల్లె వైపు పల్లపట్లలో 1938లో పుట్టిన ఎస్. జానకి 1962లో మురిపించే మువ్వలు సినిమాకు పాడిన పాట మీ అమ్మానాన్నలకు తప్పకుండా గుర్తుంటుంది. కారుకురిచ్చి అరుణాచలం నాదస్వరంతో పోటీపడి స్వరానికి స్వరం అప్పగించిన పాట అది. సంగీతం ఎస్.ఎం. సుబ్బయ్య నాయుడు. ఆ పాట వింటే నాకు ఎప్పుడూ ఒకటే ఖయాల్: నాదస్వరం ఊరి చివరి దాకా వినపడటానికి పుట్టిన సాజ్. మనిషి గొంతు దాని పక్కన నిలబడాలంటే ఎవరో ఒకరు ఈ రెండింటి మధ్య దూరాన్ని కొలిచి తీరాలి.

ఆ దూరాన్ని మెషీన్ చేతికి ఇచ్చింది అమెరికాలో లెస్ పాల్. గిటారిస్టు, దానికి తోడు మెషీన్ల పిచ్చి. బీవీ మేరీ ఫోర్డ్ గొంతునే ఒకదాని మీద ఒకటి పేర్చి 1951లో పాటలు విడుదల చేశాడు. 1957లో ఆంపెక్స్ కంపెనీ అతని కోసం 8 ట్రాకుల టేపు మెషీన్ చేసిచ్చింది. ఇందులో అసలు కమాల్ ట్రాకుల లెక్కలో లేదు. మామూలుగా టేపు మెషీన్‌లో రికార్డు చేసే హెడ్ ముందు, వినిపించే హెడ్ కాస్త వెనక ఉంటాయి. పాత ట్రాకును వింటూ కొత్తది పాడితే ఆ ఎడం వల్ల రెండూ కలవవు. ఆంపెక్స్ వాళ్లు రికార్డు హెడ్‌నే వినిపించే హెడ్‌గా కూడా వాడుకునే ఏర్పాటు చేశారు. దానికి సెల్-సింక్ అని పేరు. దాంతో నిన్నటి వాయిద్యాన్ని చెవిలో వింటూ ఇవాళ దానితో కలిసి పాడటం కుదిరింది. హెడ్‌ఫోన్ అప్పటికే ఉంది. 1910లో యూటాలో నథానియల్ బాల్డ్విన్ తన వంటింట్లో చేసిన జతలను అమెరికా నౌకాదళం కొన్నది. అంటే అది తార్ కబుర్లు వినడానికి పుట్టిన సామాను. సంగీతం కోసం స్టీరియో హెడ్‌ఫోన్ 1958లో మిల్వాకీలో జాన్ కాస్ తెచ్చాడు.

అక్కడి నుంచి మనుషులు విడిపోయారు. డోలు ఒక గదిలో, గాయని ఇంకో గదిలో, ఫ్లూటు మర్నాడు. ఎ.ఆర్. రెహమాన్ 1989లో చెన్నైలో తన ఇంటి దగ్గర పంచతన్ రికార్డ్ ఇన్ పెట్టుకున్నాక సౌత్‌లో ఈ పద్ధతికి ఒక షాన్ కూడా వచ్చింది. వాద్యకారుడు ఒక్కడే వస్తాడు, హెడ్‌ఫోన్ పెట్టుకుంటాడు, తన ముక్క వాయించి పోతాడు. మిగతా మేళమంతా అతనికి ఆ రెండు గిన్నెల్లోనే. అందులో ఏం పోస్తే అదే అతని లోకం.

తప్పంటావా అని అడక్కండి. ఈ పద్ధతి లేకపోతే రోజా లేదు. కానీ అద్దం అవతలి మనిషికి ఎంత అఖ్తియార్ వచ్చిందో గమనించండి. ఊరేగింపులో ఒత్తు వినపడకపోతే సన్నాయి ఆయన ఒక అడుగు వెనక్కి వేసేవాడు. స్టూడియోలో ఎవరో బటన్ తిప్పితే తప్ప అతనికి దిక్కు లేదు. ఈ తక్లీఫ్ తెలిసి అక్కడి ఇంజనీర్లు ఒక్కొక్కరికి వేరే మిక్స్ ఇవ్వడం మొదలుపెట్టారు. 1995లో వాన్ హేలన్ బ్యాండుకు మానిటర్లు చూసే జెర్రీ హార్వీ, ఆ డ్రమ్మర్ కోసం చెవిలోనే ఇమిడిపోయే బుడిపెలు చేసి అల్టిమేట్ ఇయర్స్ కంపెనీ పెట్టాడు. 2000 దశకం మొదట్లో ఏవియమ్ కంపెనీ 16 ఛానళ్ల చిన్న పెట్టెలు తెచ్చింది. కంప్యూటర్ల నెట్‌వర్క్ వైరు మీదే నడుస్తాయి. వాద్యకారుడు తన పక్కన పెట్టుకుని తన తూకం తానే తిప్పుకుంటాడు.

ఇదంతా గుంటూరు దాకా వచ్చేసరికి ఏమైందో చెప్తాను.

మిర్చి యార్డుకు సరుకు వచ్చి, డబ్బు చేతికి అందాక పల్లెల్లో పెళ్లిళ్లు ఊపందుకుంటాయి. మేళాలకూ అదే సీజన్. (ఆ రోజుల్లో యార్డు వైపు గాలి తిరిగితే గాయకులకు దగ్గు, రికార్డింగులు వాయిదా. ఇది ఏ పుస్తకంలోనూ ఉండదు.) మేళం వాయించే మనవాళ్లలో చాలామంది నూర్‌బాషీలు, అంటే తాతల నాడు దూది ఏకిన నద్దాఫ్ ఖాందాన్‌లు. పత్తి పండే నేలలో దూది ఏకడం పెద్ద కస్బ్. విల్లుకు కట్టిన నారను కొయ్య గూటంతో కొడితే వచ్చే ఆ మోత పాత తరానికి గుర్తుంది. ఆ పనిచేసినవాళ్ల పేరును తిట్టుగా వాడుకునే నోళ్లు ఇప్పటికీ ఉన్నాయి. అదే దూది రజాయిలు ఇవాళ గోడకు వేలాడదీసి స్టూడియో అంటున్నాం. దూది సన్న శబ్దాన్ని బాగానే మింగుతుంది. గాలి కదలిక ఆ పోగుల్లో చిక్కి వేడిగా మారిపోతుంది. డోలు ఎడం వైపు పుల్ల దెబ్బను మాత్రం ఒక్క రజాయి ఏమీ చేయలేదు, దానికి చాలా మందం కావాలి.

మూడేళ్ల కిందట అలాంటి ఒక గదికి ఒక చాచాతో వెళ్లాను. ఊరూ పేరూ వద్దు, స్టూడియో పేరు అసలే వద్దు. వయసు డెబ్భై దాటింది. కొడుకుల్లో ఎవరూ సన్నాయి పట్టలేదు. ఒకరు ఆటో నడుపుతారు, ఒకరిది చెప్పుల షాపు. ఊపిరి ఉండగానే ఒక్కసారి రికార్డు చేయించాలని ఇంట్లో వాళ్లు గంటకింత అని డబ్బు కట్టారు. ఐదు హెడ్‌ఫోన్లు, అన్నీ ఒకే పెట్టెకు గుచ్చి. అందరి చెవిలోనూ ఒకటే: కీబోర్డు, దానిపైన టిక్ టిక్. రెండు నిమిషాలకే చాచా హెడ్‌ఫోన్ తీసి ఒళ్లో పెట్టుకున్నారు.

"ఇందులో నా ఒత్తేది అబ్బాయ్?"

"ఒత్తు తర్వాత కలుపుతాం అంకుల్."

"తర్వాత నువ్వు కలుపుతావు. ఇప్పుడు నేను దేని మీద నిలబడాలి?"

ఆ కుర్రాడు బదులు చెప్పలేదు. టైము పోతోందన్నాడు. చాచా వాయించారు. తర్వాత కలిపిన తంబురా మీద సన్నాయి వెంట్రుకవాసి ఎక్కువలో నిలబడిపోయింది, మొదటి నుంచి చివరి దాకా. డోలు ఆయన హెడ్‌ఫోన్‌లోంచి కారిన టిక్ టిక్ సన్నాయి మైకులో పడింది. నిరుడు రంజాన్‌కు ముందు చాచా పోయారు. ఇంట్లో ఉన్నది ఆ ఒక్క ఫైలే. మనవరాలు ఫోన్‌లో పెట్టి వింటుంది. ఆ పిల్ల ఎప్పుడైనా సంగీతం నేర్చుకుంటే, తాత శ్రుతి తప్పాడనే అనుకుంటుంది. తప్పింది తాత కాదని చెప్పడానికి ఆ ఫైల్లో ఏ సాక్ష్యమూ లేదు.

అందుకే ఇది రాస్తున్నాను. నాత్‌లు, సన్నాయి, దఫ్ రికార్డు చేసుకునే కుర్రాళ్లు మన ఇళ్లలోనే ఇప్పుడు చాలామంది ఉన్నారు. వేరే వేరే మిక్సులు ఇవ్వడానికి లక్షలు అక్కర్లేదు. నాలుగు అవుట్‌పుట్లున్న చిన్న ఇంటర్‌ఫేస్ ఉంటే నాలుగు మోనో మిక్సులు పుడతాయి. స్టీరియో లేకపోతే సన్నాయి ఆయనకు వచ్చే నష్టం లేదు. సాఫ్ట్‌వేర్‌లో ప్రతి ట్రాకు నుంచి ఒక్కో హెడ్‌ఫోన్‌కు విడిగా సెండ్ తీయాలి. ఆ సెండ్ ఫేడర్‌కు ముందుది కావాలి, ప్రీ-ఫేడర్ అంటారు. లేకపోతే మీరు మీ స్పీకర్లలో డోలు తగ్గించిన ప్రతిసారీ పాపం అవతల చెవిలోనూ డోలు తగ్గుతుంది, ఎందుకు తగ్గిందో ఆయనకు తెలియదు. హెడ్‌ఫోన్లు వెనక మూసి ఉన్న రకమే వాడాలి. అన్నీ ఒకే మోడల్ అయితే ఇంకా మేలు. 32 ఓమ్‌లది, 250 ఓమ్‌లది ఒకే పెట్టెకు గుచ్చితే ఒకరికి చెవులు చిల్లులు పడతాయి, ఇంకొకరికి గుసగుస.

ఇక ఎవరికి ఏమివ్వాలి? సన్నాయికి ఒత్తు ముందు. కొంచెం డోలు, రెండో సన్నాయి కాస్త. తన సన్నాయి తనకు దాదాపు అక్కర్లేదు: పీక నోట్లోనే ఉంది, శబ్దం పళ్లగుండా పుర్రెలోకి పోతూనే ఉంటుంది. ఒక చెవి గిన్నె పక్కకు జరుపుకుంటానంటే జరుపుకోనివ్వండి, ఖాళీగా ఉన్న ఆ వైపు శబ్దం మాత్రం కట్టేయండి, మైకులో కారకుండా. డోలుకు సన్నాయి, తాళం కావాలి. తన డోలు తనకు చచ్చినా వద్దు, అదెలాగూ వినపడుతుంది. టిక్ టిక్ బదులు తాళం శబ్దమే వేసిస్తే పాతవాళ్లకు ప్రాణం లేచొస్తుంది. నాత్ పాడే పిల్లలకు తమ గొంతు వినపడాలి, కాస్త గుమ్మటం కింద పాడినట్టు గూంజ్‌తో. గొంతు మరీ ఎక్కువ ఇస్తే మెత్తబడి శ్రుతి దిగిపోతారని, తక్కువిస్తే అరిచి పైకి పోతారని పాత ఇంజనీర్ల తజ్రుబా. ఖవ్వాలి బృందాన్ని మాత్రం విడదీయకండి. వాళ్ల చప్పట్లను హెడ్‌ఫోన్‌లో పట్టలేం. ఒకే జంపఖానా మీద కూర్చోబెట్టి రికార్డు చేయండి, ఒకరి మైకులో ఇంకొకరు పడితే పడనివ్వండి.

ఇంకొకటి, ఆలస్యం. శబ్దం గాలిలో సెకనుకు దాదాపు 343 మీటర్లు పోతుంది. అంటే అడుగుకు సుమారు ఒక మిల్లీసెకను. మేళంలో డోలు నాలుగడుగుల దూరంలో ఉంటే సన్నాయికి నాలుగు మిల్లీసెకన్లు ఆలస్యంగా వినపడుతుంది, అది వాళ్లకు పుట్టుకతో అలవాటు. కంప్యూటర్లో బఫర్ 1024 పెట్టి, శాంపిల్ రేటు 44,100 అయితే ఒక్క బఫర్‌కే 23 మిల్లీసెకన్లు. వీధి అవతల నిలబడిన డోలుతో వాయించమన్నట్టు. బఫర్ 128కి దించితే మూడు మిల్లీసెకన్ల లోపు. లేదా ఇంటర్‌ఫేస్ మీద డైరెక్ట్ మానిటరింగ్ బటన్ ఉంటే అది నొక్కండి, శబ్దం కంప్యూటర్లోకి పోకుండానే చెవికి చేరుతుంది.

చెవుల మాట కూడా చెప్పాలి, జీవితమంతా డోలు పక్కన నిలబడ్డ పెద్దవాళ్లకు సగం వినికిడి పోయి ఉంటుంది. అమెరికాలో పనివాళ్ల ఆరోగ్యం చూసే నియోష్ సంస్థ లెక్క ప్రకారం 85 డెసిబెల్స్ శబ్దంలో రోజుకు ఎనిమిది గంటలు హద్దు. ప్రతి 3 డెసిబెల్స్‌కు టైము సగమవుతుంది, 100 దగ్గర పదిహేను నిమిషాలే. "ఇంకా పెంచు" అని డోలు ఆయన అంటే, ముందు మిగతావన్నీ తగ్గించి చూడండి. చాలాసార్లు ఆయనకు కావలసింది శబ్దం కాదు, సన్నాయి విడిగా తెలియడం.

టేక్ అయిపోయాక మైకు నొక్కి ఒక మాట చెప్పడం కూడా మిక్సులో భాగమే అంటాను. అద్దం అవతల పెదాలు కదులుతుంటే, నవ్వులు కనపడుతుంటే, చెవిలో నిశ్శబ్దం ఉంటే, ఏ ఉస్తాద్‌కైనా తన గురించే అనుకుంటున్నారనిపిస్తుంది. "బాగుంది తాతా, ఇంకొక్కసారి" అనడానికి రెండు సెకన్లు చాలు.

చాచా పక్కన నలభై ఏళ్లు రెండో సన్నాయి పట్టిన పెద్దాయన ఇంకా ఉన్నారు. ఈ బక్రీద్ తర్వాత చిలకలూరిపేటలో వాళ్ల బంధువుల ఇంట్లోనే, హాలు గోడలకు రజాయిలు కట్టి, ఒక ఇంజనీరింగ్ కుర్రాడు ఆయన్ను రికార్డు చేశాడు. ఒత్తు కోసం ఎలక్ట్రానిక్ తంబురాను ఆయన సన్నాయికే సరిచూసి, ముందు దాన్నొక ట్రాకులో పట్టి, ఆయన చెవికి అన్నిటికంటే దగ్గరగా ఇచ్చాడు. డోలు వంటింట్లో, తలుపు మూసి. మోహన ఎత్తుకున్నారు. పది నిమిషాల తర్వాత చెయ్యెత్తి ఆపారు. ఏమైంది తాతా, ఏం కావాలి అని చెవిలో అడిగాడు కుర్రాడు.

"ఏం లేదు నాయనా," అన్నారు, హెడ్‌ఫోన్ తీయకుండానే. "ఆ డోలాయన్ని ఒక్క అడుగు వెనక్కి నిలబడమను."